తిరిగి అడిగిన వాటాలు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది కొండ మీద ఊరి ఆశా కార్యకర్త. పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి. శుక్రవారం అరకు సంతలో నేను అల్లం బేరం చేస్తుంటే వెనకనుంచి వచ్చి నా కొంగు పట్టుకుని లాగింది. సంతకి దిగే మనిషి చేతిలో బుట్టో సంచో ఉంటుంది. ఆమె చేతుల్లో ఏమీ లేదు.

"అక్కా, బేగి ఇటు రా," అని మిరియాల మూటల వెనక్కి తీసుకెళ్ళింది.

సోమవారం వాళ్ళ ఊళ్ళో వలిసెల చేను దున్నుతున్న ఎద్దు ఒకటి చాల్లోనే వణికి కూలబడింది. దాన్ని కోశారు. ఊళ్ళో పదిహేడిళ్ళు, పదిహేడు వాటాలు వేశారు. కొంత ఆరోజే వండుకున్నారు. మిగతాది పొయ్యి పైన వెదురు తడికల మీద ఆరబెట్టుకున్నారు. ఆదివారం సామ కొత్త. కొత్త సామలు మొదటిసారి వండుకునే ఆ పండగకి పక్క ఊళ్ళనుంచి కూతుళ్ళూ అల్లుళ్ళూ వస్తారు. ఎండు మాంసం అందుకోసం దాచారు.

"రత్తం గడ్డకట్టనేదక్కా. నీళ్ళలాగ పారతానే ఉన్నాది. నల్లగ. నాను సూసినాను."

"కోసింది ఎవరు?"

"ఇంకెవరు, మా మావే." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మావ సేతి మీద పుండు లేసినాది. గుడ్డ కట్టుకుని ముల్లు గుచ్చుకున్నాదంటాడు. నొప్పి నేదంటాడు. సూత్తానంటే కసిరినాడు."

నొప్పి లేదు అన్న మాటకే నాకు భయం వేసింది. దాన్ని మన వైపు దొమ్మ అంటారు, డాక్టర్లు ఆంత్రాక్స్ అంటారు. పశువుకి సోకితే గంటల్లో పడిపోతుంది. కోసిన మనిషి చేతికి అంటితే దోమ కుట్టినట్టు చిన్న దద్దురు లేస్తుంది. అది పొక్కి నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ ఆసుపత్రికి రారు. త్వరగా మందు పడితే మనిషి లేచి తిరుగుతాడు. ఆలస్యమైతే రక్తంలోకి దిగుతుంది, అప్పుడు డాక్టర్లు కూడా మాట ఇవ్వరు. ఈ సంగతులన్నీ ఆ అమ్మాయికి నేర్పింది నేనే.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి నాకు చదువు చెప్పింది. మందిరంలో ఆరాధన అయ్యాక చదువు రాని వాళ్ళకి ఉత్తరాలూ ఆసుపత్రి చీటీలూ చదివి చెబుతుంటే ఒక మేడమ్ గారు చూసి, పశువులనుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి ఊళ్ళల్లో చెప్పే పని ఇప్పించారు. ఆశాలకి, పశువుల కాపరులకి, ఊరి పెద్దలకి కుక్కకాటు గురించి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ గురించి, దొమ్మ గురించి చెప్పాలి. ఆవిడ చేసిన మేలు తలుచుకోని రోజు లేదు.

దొమ్మ గురించి పశువుల డాక్టరు గారు నాకు రాసిచ్చిన వాక్యం పొడుగ్గా ఉండేది. జబ్బుపడినదాన్ని గానీ, ఉన్నట్టుండి కూలినదాన్ని గానీ, చచ్చినదాన్ని గానీ కోయకూడదు, తాకకూడదు, తినకూడదు అని. అంత పొడుగు మాట ఎవరికి గుర్తుంటుందని నేనే దాన్ని కత్తిరించాను. "చచ్చినదాన్ని తినొద్దు." నాలుగు కాళ్ళూ పైకెత్తి పడున్న ఎద్దు బొమ్మ వేసి దాని మీద ఎర్ర గీత కొట్టాను. ఏ ఊరికి వెళ్ళినా ఆ మాటని అందరిచేతా కలిసి అనిపించేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

సంతలోంచే ఆసుపత్రి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ మొత్తం విని, "ఆయన్ని ఈరోజే కిందకి దింపండి. రేపటిదాకా ఆగొద్దు. మాంసం ఎవరూ నోట్లో పెట్టకుండా చూడండి, ఉడికించినా సరే. పొద్దున్నే మాత్రలూ సున్నం తీసుకుని మేం పైకొస్తాం," అన్నారు. దారిలో ఆసుపత్రి దగ్గర ఆగి చేతి తొడుగులు, రెండు పెద్ద ప్లాస్టిక్ సంచులు తీసుకున్నాను.

జీపులో ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. బొర్రా దారి దాటి ఘాట్ ఎక్కాక మెల్లగా అంది.

"మావని దింపొచ్చేమో. మాంసం రాదక్కా."

"ఎందుకు రాదు?"

"గడప దాటిన వాటా మీద ఇంకోల్లు సెయ్యి ఎయ్యకూడదు. నువ్వు ఎయ్యకూడదు, డాకటేరు ఎయ్యకూడదు. పెట్టినోడే అడగాలి. మావే అడగాలి."

"అడుగుతాడు మరి. చెబుదాం."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పెట్టింది తిరిగి అడిగినోడు మళ్ళీ ఊరికి వాటా ఎయ్యడు. మావ తాతల్నుంచి ఆ కత్తి మా ఇంటిదే. మావకి అదే పేణం."

అప్పుడు నాకు తెలిసింది ఆయన గుడ్డ ఎందుకు కట్టుకున్నాడో. ఆ ఊళ్ళో ఏ గొడ్డు కోసినా వాటాలు ఆయనే వేస్తాడు. తూకం ఉండదు, ఆయన కన్నే తూకం. అడ్డాకుల్లో పెట్టి పంపితే ఊరి పెద్ద ఇంటికి ఎంతో, మొగుడు లేని ముసలమ్మ ఇంటికీ అంతే. నా వాటా తగ్గిందన్న మాట ఆ ఊళ్ళో ఎప్పుడూ పుట్టలేదు. ఆ చెయ్యి చెడిందని ఒప్పుకుంటే ఆ చెయ్యి పెట్టిందంతా చెడ్డదే అవుతుంది.

రోడ్డు ఆగిపోయిన చోట జీపు దిగాం. డ్రైవరు మంచివాడు, ఎంతసేపైనా ఆగుతానన్నాడు. కాఫీ తోటల మధ్య నడక, ముప్పావు గంట. ఊరు కనబడగానే ఆమె ఆగింది. "నాను ముందెల్తాను. నువ్వు ఎనకరా. నాను సెప్పినానని అనకు."

సిల్వర్ ఓక్ చెట్టుకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ప్రభువా, నాకు సరైన మాట ఇవ్వు అని అడిగాను. అంతకన్నా పెద్ద ప్రార్థన అప్పుడు నా దగ్గర లేదు.

ఆ అమ్మాయి మామగారు, పెద్దాయన, అరుగు మీద ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు మగవాళ్ళు పక్కన కూర్చుని వెదురు చీలుస్తున్నారు. ఆయన కుడి చెయ్యి తువ్వాలు కింద ఉంది.

"రా సెల్లీ. కొత్త ఎల్లుండి కదా, ఇయ్యాలే ఆకలేసినాదేటి?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయన భార్య సొరబుర్రలో సోడంబలి తెచ్చింది. ముఖం మాత్రం నావైపు తిప్పలేదు.

రెండు గుటకలు తాగి, "ఎద్దుని కోసినారట కదా అన్నా," అన్నాను.

"కోసినాం. నువ్వు సెప్పినట్టే కోసినాం."

"నేనేం చెప్పాను?"

"సచ్చినదాన్ని తినొద్దన్నావు. ఇది సావనేదు సెల్లీ." ఆయన గొంతులో గర్వం ఉంది. బాగా అప్పజెప్పిన పిల్లల గొంతులో ఉండే గర్వం. "కూలినాదని కేకెయ్యగానే కత్తట్టుకుని లగెత్తినాను. కళ్ళు ఇంకా తిప్పతన్నాది. ఊపిరుండగానే కోసినాను. కొంచెం ఆలీసమైతే నీ బొమ్మలో ఎద్దులాగ కాళ్ళెత్తీసును. ఊరి తిండంతా గోతిలో కప్పెట్టాల్సొచ్చును."

"ఈడికి నీ సదువు బాగా ఒంటబట్టినాదమ్మా," అన్నాడు వెదురు చీలుస్తున్న ఒకాయన. "కుర్రోళ్ళకన్నా బేగి లగెత్తినాడు."

మళ్ళీ నవ్వారు. నేను ఆ అంబలి బుర్రని కింద పెట్టలేకపోయాను. నేను కత్తిరించి చెప్పిన మాట ఈ మనిషిని ఆ ఎద్దు దగ్గరికి పరిగెత్తించింది. నేను రాకముందైతే ఆ ఎద్దు చచ్చి చల్లబడ్డాకే కోసేవారేమో, అదీ ప్రమాదమే. కానీ వేడి రక్తంలో మోచేతులదాకా ముంచేలా తొందరపెట్టింది మాత్రం నా బొమ్మే.

"అన్నా, చెయ్యి చూపించు."

నవ్వు ఆగింది.

"ఏ సెయ్యి?"

"ఆ తువ్వాలు కిందది."

"ముల్లు గుచ్చుకున్నాది. దానికి ఏటి సూత్తావు?" అని లోపలివైపు తిరిగి, "ఎవులు సెప్పినారు నీకు?" అన్నాడు.

కోడలు గుమ్మంలోంచి బయటికి వచ్చింది. "నానే సెప్పినాను మావా. సంతకెల్లి సెప్పినాను."

ఆయన ఆమెని కోపంగా చూడలేదు. అలిసిపోయినట్టు చూశాడు. "మా ఇంటి గుంటవే," అన్నాడంతే.

నేను లేచి అరుగు కింద, అందరికీ కనబడేలా నిలబడ్డాను. "అన్నా, తప్పు నీది కాదు, నాది," అన్నాను. డాక్టరు గారు నాకిచ్చిన మాట వేరు, నేను మీకు చెప్పిన మాట వేరు. చచ్చినదే కాదు, జబ్బుతో కూలినదాన్ని కూడా కోయకూడదని ఆయన చెప్పారు. మీకు గుర్తుండదని నేనే తగ్గించాను. మిమ్మల్ని తక్కువగా అనుకున్నాను. ఇలాగే అన్నాను, ఇంకా ఏవో అన్నాను.

వెదురు చీల్చే ఆయన తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు.

"సెల్లీ, మాట నీదే. కత్తి నాది," అన్నాడు పెద్దాయన. "ఈ సెయ్యి సూపిత్తే పదిహేడిళ్ళకి ఇసం పెట్టినోన్నౌతాను. సూపకపోతే?"

"సూపకపోతే ఎల్లుండి సుట్టాలు కూడా తింటారు మావా," అంది కోడలు.

ఆయన తువ్వాలు తీశాడు. గుడ్డ విప్పాడు. మణికట్టు పైన నల్లటి పెచ్చు, కాల్చిన చింతగింజ అంత. చుట్టూ నీటి పొక్కులు. చెయ్యి మోచేతి దగ్గరిదాకా ఉబ్బి మెరుస్తోంది. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలుగు రోజులుగా పక్కన పడుకున్న మనిషి కూడా ఆ చేతిని అప్పుడే చూసింది.

నేను తొడుగులు వేసుకుని ఒళ్ళు తాకి చూశాను. కాలిపోతోంది. బాల్‌పెన్ను తీసి వాపు ఎక్కడ ఆగిందో అక్కడ చేతి చుట్టూ గీత గీశాను. "ఇది దాటితే ప్రమాదం. జీపు కింద ఉంది. ఇప్పుడే వెళ్దాం. మాంసం సంగతి తర్వాత చూద్దాం."

"తరవాత ఎవులు సూత్తారు?"

"కోడలు అడుగుతుంది."

"దానికి ఇయ్యరు. నీకూ ఇయ్యరు. పండగ ఎల్లుండి." లేచి నిలబడ్డాడు. కొంచెం తూలి స్తంభం పట్టుకున్నాడు. "పెట్టినోన్ని నాను. అడిగినాక మళ్ళీ కత్తట్టను. తెలిసే అడగతన్నాను. సంచి అట్టుకో."

బతిమాలాను. అమ్మ మీద ఒట్టు పెట్టాను, మా ఇంట్లో ఒట్లు పెట్టరు, అయినా పెట్టాను. ఆయన అప్పటికే లోపలికి వెళ్ళి తన ఇంటి తడిక మీది ముక్కలు దింపిస్తున్నాడు. ఆ ఊళ్ళో ఆ పని చేయగల మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషికి ఉన్న సమయం ఎంతో నాకు తెలియదు.

మొదటి నాలుగిళ్ళూ మాట్లాడకుండా ఇచ్చారు. ఆయన గుమ్మం బయటే నిలబడి, "నాను పెట్టింది నాకిచ్చెయ్యండి. అది మంచిది గాదు. నాదే తప్పు," అనేవాడు. ప్రతి ఇంటి దగ్గరా అవే మాటలు. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. ఇంటివాళ్ళు కోడలి తొడుగు చేతుల్లోకి ఇచ్చేవారు, నేను సంచి పట్టేదాన్ని. ముసురు మొదలైంది.

అయిదో ఇంట్లో ఒకావిడ, "అయిపోనాది. తినేసినాం," అంది.

పెద్దాయన గుమ్మంలోంచే లోపలికి చూశాడు. "మరి పొయ్యి మీద ఏలాడతన్నాది ఏటి, మీ అత్త జడా? నాను కోసిన ముక్క నాకు తెలీదేటి?"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, వెంటనే ఏడ్చింది. "పిల్లలకేటి పెట్టను మావా కొత్తకి?"

"మా ఇంట్లో కోడి ఉన్నాది. అట్టుకెల్లు."

అలా రెండు కోళ్ళు ఇచ్చేశాడు. మూడో కోడి గురించి వెంట వస్తున్న భార్య ఏదో అనబోతే, "నోరుముయ్యి, ఉంటే తినడానికే కదా," అన్నాడు. ఎనిమిదో ఇంటి దగ్గర ఒక కుర్రాడు వాటా తెచ్చి చేతికివ్వకుండా ఆయన కాళ్ళ దగ్గర విసిరాడు. "పెట్టీసి అడగతన్నావు. నీ కొంపలో అందరూ ఇంతేనేటి?" ఆయన వంగి తీసుకోబోయాడు. కోడలు ఆయన్ని ఆపి తానే తీసింది. ఆ కుర్రాణ్ణి ఒక్క చూపు చూసిందంతే.

తొమ్మిదో ఇంటి దగ్గర ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చెయ్యి తీసి చూశాను. నేను గీసిన గీత పైకి రెండు వేళ్ళ మేర వాపు పాకింది.

"అన్నా, చాలు. నీకు దండం పెడతాను."

"ఇంకెన్ని?"

"ఏడు."

"నీ పెన్ను గీత నువ్వే సూడు. నాను గుమ్మాలు సూత్తాను."

ప్రతి ఇంటికీ పోవడానికి పట్టే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. లోపల ప్రార్థన ఆగలేదు, మాటలు మాత్రం పోయాయి. ప్రభువా, ప్రభువా, అంతే. వెదురు చీల్చిన ఆయన ఎప్పుడు వచ్చాడో, పెద్దాయన రెండో భుజం కింద తన భుజం పెట్టి నడిపిస్తున్నాడు. ఆ భుజానికి నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఆఖరి ఇంటి ముసలమ్మ దగ్గర మాంసం లేదు. నిజంగానే లేదు. నిన్ననే కూతురికి పంపింది. కూతురిది వాగు అవతల ఊరు. ఫోన్ పట్టుకుని ఎటు తిరిగినా సిగ్నల్ రాలేదు.

పెద్దాయన వాగు వైపు అడుగు వేయబోయాడు. కోడలు అడ్డం నిలబడింది.

"నీ మాట నాను అట్టుకెల్తాను మావా. నువ్వే అడిగినావని సెప్తాను."

"నీకిస్తారేటి?"

"ఇయ్యకపోతే అక్కడే కూకుంటాను. పొయ్యి ఎలిగించనివ్వను."

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. నడుముకి కట్టుకున్న తాడు విప్పి, దానికున్న కత్తి ఒర, ఖాళీ ఒర, ఆమె చేతిలో పెట్టాడు. "ఇది సూపించు. నాను పంపినానంటారు," అన్నాడు. ఆమె ముసురులో వాగు వైపు దిగిపోయింది. మేం ఇటు దిగాం.

జీపులో ఆయన తల నా భుజం మీద వాల్చాడు. ఒకసారి మాత్రం కళ్ళు తెరిచి, "అది ఇచ్చినారో నేదో," అన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర డాక్టరమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. చేతిని చూశారు, గీతని చూశారు, నన్ను చూశారు. ఎందుకింత ఆలస్యమని అడగలేదు. ఆ అడగకపోవడానికి కూడా ఆవిడకి నా కృతజ్ఞత. అక్కడే సూది వేసి, సెలైన్ పెట్టి, అంబులెన్సులో కింద పెద్దాసుపత్రికి పంపారు.

కోడలు ఆ ఊళ్ళో పొయ్యి ముందు కూర్చుందట. పొద్దెక్కేదాకా అక్కడినుంచి కదల్లేదట. ఒర చూసి చివరికి ఇచ్చారట. తెల్లారి డాక్టర్లు పైకి వెళ్ళి పదిహేడిళ్ళకీ మాత్రలు పంచారు. ఊరి పశువులన్నిటికీ టీకాలు వేశారు, మాంసాన్ని లోతు గోతిలో సున్నం పోసి కప్పారు. ఇద్దరికి జ్వరం, కడుపునొప్పి వచ్చి తగ్గాయి. ఎవరూ పోలేదు. దేవునికి స్తోత్రం.

పెద్దాయన నెల పైన ఆసుపత్రిలో ఉన్నాడు. మనిషి దక్కాడు. మణికట్టు దగ్గర మాత్రం కండ ముడుచుకుపోయి వేళ్ళు పూర్తిగా మూసుకోవు. నా బొమ్మ మార్చాను. ఇప్పుడు అందులో ఎద్దు నిలబడే ఉంటుంది, తల వంచుకుని, కాళ్ళు వణుకుతూ. వాక్యం పొడుగ్గానే ఉంది. జనం దాన్ని బాగానే గుర్తుపెట్టుకుంటున్నారు. మొదటినుంచీ గుర్తుపెట్టుకోగలిగేవాళ్ళే.

మరుసటి ఏడు సామ కొత్తకి నన్ను పిలిచారు. ఆరోగ్యంగా ఉన్న మేకపోతుని, పశువుల డాక్టరు చూశాకే కోశారు. వాటాలు వేసింది వేరే ఇంటి మనిషి. ఊరు నియమం తప్పలేదు. పెద్దాయన తన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. అడ్డాకులో తన వాటా వచ్చింది. దాన్ని విప్పి చూశాడు. "కొంచెం ఎక్కువేసినాడు నాకు," అని నాతో మెల్లగా అన్నాడు. "తప్పు. అందరికీ ఒకటే ఉండాల." పక్కింటి ముసలమ్మకి ఆ ఎక్కువ ముక్క తీసి పంపాడు. ఎడమ చేత్తో పంపాడు.

ఆ ఊరి గురించి చెప్పినప్పుడు ఎవరైనా నన్ను మెచ్చుకుంటారు. నాకు సిగ్గుగా ఉంటుంది. ఇది చదివిన మీరు ప్రార్థన చేసేవాళ్ళైతే ప్రార్థనలో, చెయ్యని వాళ్ళైతే ఊరికే ఒక్క నిమిషం, ఆయన్ని తలుచుకోండి. ఏం పోతుందో తెలిసి కూడా, ఒళ్ళు కాలిపోతుంటే, ముసురులో పదహారు గుమ్మాల ముందు నిలబడి, తాను పెట్టినదాన్ని తానే తిరిగి అడిగిన మనిషిని.